మద్దెల నిజంగానే ఓడైతే?

ఆడలేక మద్దెల ఓడు అన్నారు మన పెద్దలు. తన చేతకానితనాన్ని పనిముట్టు మీదికి నెట్టేవాణ్ణి ఎగతాళి చేయడానికి ఇంతకంటే చక్కని మాట లేదు. అయితే ఈ సామెతకు ఒక ప్రమాదం ఉంది. మద్దెల నిజంగానే ఓడైన సందర్భంలో కూడా ఆడేవాడి నోరు మూయించడానికి ఇది పనికివస్తుంది. రంగస్థలం మీదైతే ఆ అన్యాయానికి ఒక రాత్రి ఆట చెడుతుంది. యుద్ధరంగంలో మనుషులు పోతారు. 1960లలో వియత్నాంలో అమెరికా సైనికుల చేతికి వచ్చిన ఎం-16 రైఫిలు కథ అటువంటిది. కొత్త తుపాకీ, దానికి కొత్తగా మార్చిన మందు, రెంటికీ పొత్తు కుదరకపోవడం, ఆ లోపాన్ని కనిపెట్టవలసినవారు నింద సైనికుడి మీద మోపడం, ఇదీ స్థూలంగా ఆ కథ.

తుపాకుల మీద ఆసక్తి లేని మిత్రులు ఇక్కడే ఆగిపోనవసరం లేదు. ఇది ఆయుధాల గొప్పలు చెప్పే వ్యాసం కాదు. ఒక యంత్రం చెడినప్పుడు కారణాన్ని వెదకడం ఎలా, ఎలా వెదకకూడదు అన్నదే ఇందులోని అసలు సంగతి.

ముందుగా రెండు ముక్కలు తూటా గురించి. మనం వాడుకగా తూటా అనేదానిలో నాలుగు భాగాలు ఉంటాయి. ఇత్తడి తొడుగు, దాని అడుగున దెబ్బ తగలగానే నిప్పు పుట్టించే ప్రైమరు, లోపల మందు, మూతి దగ్గర బిగించిన గుండు. మందు ఒక్కసారిగా పేలిపోదు, అతివేగంగా కాలుతుంది. ఆ కాలడంలో పుట్టిన వాయువు గుండును గొట్టంలోంచి ముందుకు నెడుతుంది. అదే సమయంలో ఇత్తడి తొడుగు ఉబ్బి, తానున్న చాంబరు గోడలకు గట్టిగా అతుక్కుంటుంది. ఒత్తిడి తగ్గిన తరువాత తొడుగు కొద్దిగా ముడుచుకుంటుంది. అప్పుడే దాన్ని బయటకు లాగడం సులభం. ఈ చివరి వాక్యాన్ని కాస్త గుర్తుపెట్టుకోండి. కథంతా దాని మీదనే తిరుగుతుంది.

పాశ్చాత్య దేశాలలో, ముఖ్యంగా అమెరికాలో, తూటాలను ఇంట్లో తామే చేత్తో కూర్చుకునే అలవాటు చాలా కాలంగా ఉంది. గురిపోటీలలో పాల్గొనేవారు తమ కొలతలకు తగ్గట్టు రైఫిలు చేయించుకుని, దానికి సరిపడే మందునూ గుండునూ తామే వెదుక్కుంటారు. కొత్త రైఫిలు చేతికి వచ్చాక గుళ్ళు ఒకచోట పడకపోతే, లేదా తొడుగు ఇరుక్కుపోతే, లోపం ఎక్కడిది? గొట్టానిదా, మందుదా, గుండుదా, కాల్చేవాడి భుజానిదా? ఈ ప్రశ్నకు జవాబు వెదకడంలో జీవితాన్ని వెచ్చించినవాడు డాక్టర్ ఫ్రాంక్లిన్ మాన్.

మాన్ మసాచుసెట్స్ రాష్ట్రంలోని మిల్‌ఫోర్డు ఊరివాడు. వైద్యం చదివి, తరువాత దాన్ని వదలి, కోళ్ళ దాణా కోసం ఎముకలను నలగగొట్టే యంత్రాలు తయారుచేసి డబ్బు గడించాడు. ఆ డబ్బును, కొన్ని దశాబ్దాల కాలాన్ని ఒకే సందేహం మీద ఖర్చుపెట్టాడు. ఒకే తుపాకీ, ఒకే మందు, ఒకే రకం గుండు అయినా రెండు గుళ్ళు ఒకే చోట ఎందుకు పడవు? మొదట ఆయన చేసిన పని మనిషిని లెక్కలోంచి తీసివేయడం. కాంక్రీటు దిమ్మె కట్టించి, దాని మీద గొట్టాన్ని ఉంచి కాల్చాడు. చెయ్యి వణికిందనే సాకుకు ఇక తావు లేదు. గుండు దారిలో వరుసగా కాగితపు తెరలు నిలబెట్టి, ఒక్కొక్క తెరలో పడిన రంధ్రాన్నిబట్టి గుండు ఎటు వాలిందో, ఎలా మెలితిరిగిందో గుర్తించాడు. కావాలని గుళ్ళను చెడగొట్టి కూడా కాల్చి చూశాడు. ముక్కు చితికిన గుండు ఇంచుమించు సవ్యంగానే పోయిందనీ, అడుగు చితికిన గుండు మాత్రం దారి తప్పిందనీ తేలింది. అందరూ ముక్కు నునుపు గురించి బెంగపడుతుంటే అసలు దోషం అడుగున ఉందన్నమాట. ఈ ప్రయోగాలన్నింటినీ 1909లో పుస్తకంగా వెలువరించాడు.

మాన్ పద్ధతిని ఒక్క వాక్యంలో చెప్పవచ్చు. ఒకసారికి ఒక్కదాన్నే మార్చు, మిగిలినవాటిని కదపకు. చేత్తో తూటాలు కూర్చుకునే ప్రతివాడికీ ఇది ఓనమాలవంటి సూత్రం. మందు రకం మార్చినవాడు తక్కువ మోతాదుతో మళ్ళీ మొదటినుంచి మొదలుపెడతాడు. పాత మందుతో కుదిరిన లెక్క కొత్త మందుకు చెల్లదని వాడికి తెలుసు. ఇంటి వెనుక షెడ్డులో కూర్చున్న అభిరుచిపరుడికి తెలిసిన ఈ సంగతిని ప్రపంచంలోకెల్లా సంపన్నమైన సైన్యం ఎలా విస్మరించిందన్నదే ఇక చెప్పబోయేది.

యూజీన్ స్టోనర్ అనే ఇంజనీరు 1950లలో ఆర్మలైట్ అనే చిన్న సంస్థలో పనిచేసేవాడు. విమానాల కంపెనీ అయిన ఫెయిర్‌చైల్డులో అదొక విభాగం. విమానాలకు వాడే అల్యూమినియాన్ని, ప్లాస్టిక్కునూ తుపాకీలోకి తెచ్చిన ఘనత వారిది. స్టోనర్ మొదట రూపొందించిన ఎ.ఆర్-10 రైఫిలును చిన్న తూటాకు తగ్గట్టు కుదించగా ఎ.ఆర్-15 పుట్టింది. ఖాళీదైతే మూడు కిలోలలోపు బరువు. దాని గుండు బరువు 55 గ్రెయిన్లు, అంటే సుమారు మూడున్నర గ్రాములు. గుండు చిన్నది, వేగం మాత్రం ఎక్కువ. తూటా తేలిక కాబట్టి సైనికుడు ఎక్కువ తూటాలు మోయగలడు. 1959లో ఈ రైఫిలు హక్కులను కోల్టు కంపెనీ కొనుక్కుంది.

అప్పటికి అమెరికా సైన్యం తన సొంత ఆయుధాగారాలలో రూపుదిద్దుకున్న ఎం-14 రైఫిలును ఎంచుకుని ఉంది. బయటివాడు తెచ్చిన తేలికపాటి తుపాకీ మీద సైన్యపు ఆయుధశాఖకు మొదటినుంచీ చిన్నచూపే. వైమానికదళం ఆ పంతాలకు దూరం. 1960 జులై 4న ఒక విందులో వైమానికదళపు జనరల్ కర్టిస్ లెమే ఎ.ఆర్-15తో పుచ్చకాయలను కాల్చి చూసి ముచ్చటపడ్డాడన్నది ప్రసిద్ధమైన ముచ్చట. 1962లో రక్షణశాఖ పరిశోధన విభాగం వెయ్యి రైఫిళ్ళను వియత్నాం పంపింది. అక్కడినుంచి వచ్చిన నివేదికలు దాన్ని మెచ్చుకున్నాయి. రక్షణమంత్రి మెక్‌నమారా పట్టుదలతో 1963లో సైన్యానికి 85,000, వైమానికదళానికి 19,000 రైఫిళ్ళకు ఆర్డరు వెళ్ళింది. ఇష్టంలేని పెళ్ళి ఆ విధంగా జరిగింది.

ఇకనుంచి ఆయుధశాఖ ఆ రైఫిలును సైనిక ప్రమాణాలకు అనుగుణంగా మార్చే పనికి పూనుకుంది. గొట్టంలోపలి మెలి గాళ్ళు పద్నాలుగు అంగుళాలకొక చుట్టు తిరిగేవి. గడ్డకట్టే చలిలో గురి తప్పుతోందని దాన్ని పన్నెండు అంగుళాలకు మార్చారు. బోల్టు సరిగా మూసుకోకపోతే చేత్తో నెట్టడానికి పక్కన ఒక మీట పెట్టారు. అది అనవసరమని వైమానికదళం వాదించినా సైన్యం వినలేదు. ఇవి చూసేవారి కంటికి కనిపించే మార్పులు. ప్రాణాంతకమైన మార్పు తూటాలోపల జరిగింది.

స్టోనర్ తుపాకీ రూపొందింది డ్యూపాంట్ కంపెనీ చేసే ఐ.ఎం.ఆర్. 4475 అనే మందుతో. సన్నని పుల్లల్ని తరిగినట్టుండే ఈ రకాన్ని మనం సౌలభ్యం కోసం పుల్లమందు అందాం. గుండు సెకనుకు 3,250 అడుగుల వేగంతో పోవాలనీ, చాంబరులో ఒత్తిడి చదరపు అంగుళానికి 52,000 పౌన్లు దాటకూడదనీ సైన్యం నిర్ణయించింది. లక్షల సంఖ్యలో తూటాలు చేయవలసివచ్చేసరికి ఈ రెండు షరతులనూ ఒకేసారి నిలకడగా నెరవేర్చడం పుల్లమందుకు కష్టమైంది. ఇక్కడ రెండు దారులున్నాయి. వేగాన్ని కాస్త తగ్గించుకోవడం ఒకటి, మందును మార్చడం రెండవది. కాగితం మీది అంకెను కదపడం కంటే తూటాలోని మందును మార్చడమే అధికారులకు సులువనిపించింది. 1964లో ఓలిన్ మాథిసన్ కంపెనీవారి డబ్ల్యు.సి. 846 అనే మందుకు ఆమోదం దొరికింది. ఇది గుండ్రటి చిన్న గింజల రూపంలో ఉంటుంది కాబట్టి గింజమందు అందాం.

గింజమందు చెడ్డది కాదు. 1930లనుంచీ వాడుకలో ఉన్నదే. చవకగా, వేగంగా తయారుచేయవచ్చు. నాటో దేశాల 7.62 మిల్లీమీటర్ల తూటాలో అది చక్కగా పనిచేస్తూనే ఉంది. కాని ఒక ఇంటికి అచ్చివచ్చిన కోడలు మరొక ఇంటికి అచ్చిరావాలని ఎక్కడుంది? స్టోనర్ తుపాకీ పనితీరు వేరు. గొట్టం మధ్యలో ఒక చిన్న రంధ్రంగుండా కొంత వాయువును సన్నని గొట్టంలోకి మళ్ళించి, నేరుగా బోల్టు వద్దకు తెచ్చి, ఆ ఒత్తిడితోనే బోల్టును వెనక్కి తోస్తారు. గింజమందు చాంబరులో గరిష్ఠ ఒత్తిడిని హద్దులోనే ఉంచినా, గుండు ఆ రంధ్రం దాటే క్షణానికి అక్కడ మిగిలే ఒత్తిడి పుల్లమందు కంటే ఎక్కువ. కొలిచేచోట అంతా సవ్యం, పనిచేసేచోట అపసవ్యం.

ఫలితం ఏమిటంటే బోల్టు తొందరపడింది. నిమిషానికి 750 నుంచి 850 తూటాలు కాల్చవలసిన యంత్రం వెయ్యి దాకా పరుగెత్తింది. ఇత్తడి తొడుగు ఇంకా చాంబరు గోడలను వదలకముందే బోల్టు కొక్కెం దాని అంచును పట్టి లాగింది. అంచు తెగేది, లేదా కొక్కెం జారేది. తొడుగు లోపలే ఉండిపోయేది. వెనుకనుంచి మరో తూటా వచ్చి దానికి గుద్దుకునేది. అప్పుడు సైనికుడు చేయగలిగింది ఒక్కటే. గొట్టం మూతిలోంచి కడ్డీ దూర్చి, తొడుగును వెనక్కి పొడిచి బయటకు తీయడం. శత్రువు ఎదురుగా కాలుస్తుండగా, రెండు శతాబ్దాల నాటి మూతిమందు తుపాకీ పట్టినవాడిలా, కడ్డీతో కుస్తీ పట్టడమన్నమాట.

దీనికి మరో రెండు తోడయ్యాయి. గింజమందు చెడిపోకుండా అందులో కలిపే కాల్షియం కార్బొనేటు కాలిన తరువాత మసితోపాటు పేరుకుని, వాయుగొట్టంలోనూ బోల్టు చుట్టూ పొరలు కట్టేది. రెండవది చాంబరు. వియత్నాంలోని తేమకు ఉక్కు తుప్పు పట్టి గుంటలు పడితే ఉబ్బిన ఇత్తడి ఆ గుంటల్లో ఇంకా గట్టిగా కరుచుకుంటుంది. దీనికి విరుగుడుగా చాంబరుకు క్రోమియం పూత పూయాలని సైన్యానికి బాగా తెలుసు. వారి సొంత బిడ్డ ఎం-14కు ఆ పూత ఉంది. దత్తుబిడ్డ ఎం-16కు లేదు.

అన్నిటికంటే విడ్డూరం, ఈ రైఫిలుకు శుభ్రం చేయడమే అక్కరలేదన్న ప్రచారం. ఈ మాట ఎవరు పుట్టించినా చాలామంది నమ్మారు. శుభ్రం చేసే కడ్డీలు, కుంచెలు, సరైన నూనె చాలినన్ని పంపలేదు. మసి ఎక్కువ చేసే మందును ఇచ్చి, మసి తుడిచే గుడ్డను ఇవ్వలేదు.

ఇది ఎవరికీ ముందు తెలియదా? తెలుసు. మందు మార్పు గురించి స్టోనరును అడిగారు, కాని నిర్ణయం జరిగిపోయిన తరువాత. ఆయన తన ఆందోళనను దాచుకోలేదు, దానివల్ల ఒరిగిందీ లేదు. కోల్టు కంపెనీ కూడా గింజమందు తూటాలతో పరీక్షిస్తే తమ రైఫిళ్ళు నిర్ణీత వేగపు హద్దును దాటుతున్నాయని విన్నవించుకుంది. అప్పుడు దొరికిన పరిష్కారం చూడండి. ఫ్యాక్టరీలో అంగీకార పరీక్షలకు పుల్లమందు తూటాలు వాడుకోవచ్చునని అనుమతించారు. పరీక్షలో ఒక మందు, యుద్ధంలో మరొక మందు. మన మిత్రులలో సాఫ్ట్‌వేరు వృత్తిలో ఉన్నవారికి "నా యంత్రంలో బాగానే నడుస్తోందే!" అనే జవాబు సుపరిచితమే. అక్కడ మహా అయితే ఒక వినియోగదారుడు విసుక్కుంటాడు. ఇక్కడ పరీక్షలో ఉత్తీర్ణమైన ప్రతి రైఫిలూ ఒక యువకుడి చేతిలోకి వెళ్ళింది.

1965 నవంబరులో ఇయా ద్రాంగ్ లోయలో పెద్ద పోరు జరిగింది. ఆ తరువాత జనరల్ వెస్ట్‌మోర్లాండ్ ఎం-16లు వెంటనే కావాలని కోరాడు. రైఫిళ్ళు వేలకు వేలుగా వచ్చాయి. ఫిర్యాదులూ వచ్చాయి. జవాబుగా 1966లో సైన్యం శిక్షకులను పంపింది. వారు చూసింది తుప్పుపట్టిన, మసిబారిన రైఫిళ్ళను. తేల్చింది సైనికుల అశ్రద్ధను. అందులో అబద్ధం లేదు, రైఫిళ్ళు మురికిగానే ఉన్నాయి. అయితే మురికి ఎందుకు అంతగా చేరిందన్న ప్రశ్న, తుడుచుకోవడానికి వారికి ఏమిచ్చామన్న ప్రశ్న వెనుకబడ్డాయి. మన సామెత సరిగ్గా ఇక్కడ దుర్వినియోగమైంది.

1967 వసంతంలో ఖేసాన్ దగ్గరి కొండల మీద మెరైన్లు తీవ్రంగా పోరాడారు. వారిలో ఒకరు ఇంటికి ఉత్తరం రాశారు. చనిపోయిన తమవారిలో ఇంచుమించు ప్రతివాడి పక్కనా బాగుచేసుకోవడానికి విప్పిన రైఫిలు పడివుందని దాని సారాంశం. ఆ ఉత్తరం న్యూజెర్సీలోని ఒక పత్రికలో అచ్చయింది. ఆ రాష్ట్రపు ప్రతినిధి జేమ్స్ హోవర్డ్ దానిని ప్రతినిధుల సభ దృష్టికి తెచ్చాడు. సాంకేతిక నివేదికలు చేయలేని పనిని ఒక మామూలు ఉత్తరం చేసింది.

మిస్సోరీకి చెందిన రిచర్డ్ ఐకార్డ్ అధ్యక్షతన ముగ్గురు సభ్యుల ఉపసంఘం విచారణ జరిపి, వియత్నాం కూడా వెళ్ళి చూసి, 1967 అక్టోబరులో నివేదిక ఇచ్చింది. తగిన పరీక్షలు లేకుండా మందును మార్చడమే లోపాలకు ప్రధాన కారణమని తేల్చింది. అధికారుల నిర్వాకం నేరపూరితమైన నిర్లక్ష్యానికి దగ్గరగా ఉందని ఘాటుగా వ్యాఖ్యానించింది. చట్టసభల నివేదికలలో అంతటి మాట అరుదు.

ఇక బాగుచేసిన తీరు. ఇక్కడ కథ కొంచెం మలుపు తిరుగుతుంది. ప్రధాన దోషం మందుదే అయితే పాత మందుకు తిరిగివెళ్ళాలి కదా? అలా జరగలేదు. గింజమందు కొనసాగింది. బోల్టు వేగాన్ని అదుపుచేయడానికి వెనుక ఉండే బఫరును బరువుగా, కొత్త పద్ధతిలో చేశారు. 1967లో చాంబరుకు క్రోమియం పూత వచ్చింది, తరువాతి కాలంలో గొట్టమంతటికీ పూశారు. మందులో కాల్షియం కార్బొనేటు పాలు తగ్గించారు. శుభ్రం చేసే సామగ్రి అందింది. 1968లో ప్రఖ్యాత చిత్రకారుడు విల్ ఐస్నర్ చేత రైఫిలు సంరక్షణ మీద రంగుల బొమ్మల పుస్తకం వేయించి పంచారు. అన్నీ కలిసి ఫలితమిచ్చాయి. సైనికులు ఛీకొట్టిన ఆ రైఫిలు సంతతే తరువాత దశాబ్దాలపాటు అమెరికా సైన్యపు ప్రధాన ఆయుధమైంది.

కాబట్టి "తప్పు మందుదే" అనేవారికీ, "తప్పు పూతదే" అనేవారికీ, "శుభ్రం చేయకపోవడమే" అనేవారికీ తలా ఒక ఆధారం దొరుకుతుంది. నా దృష్టిలో ఆ వాదం దారి తప్పినది. మందు, బోల్టు, చాంబరు, మసి, తేమ, శిక్షణ ఇవి విడివిడి నేరస్థులు కావు. పుల్లమందుతో పూతలేని చాంబరు ఎలాగో నెట్టుకొచ్చేది. పూత ఉన్న చాంబరులో గింజమందు నడిచిపోయేది. శుభ్రంగా ఉంచితే రెండు లోపాలనూ కొంతవరకు కప్పిపుచ్చవచ్చు. ఒకదానికొకటి ఇచ్చుకునే ఆసరాలన్నీ ఒకేసారి తొలగించినందువల్ల ఇల్లు కూలింది. ఏ వాసం వల్ల కూలిందని తరువాత తగువులాడుకోవడం తేలిక. వాసాలు తీసేముందు ఒక్కొక్కటే తీసి చూడాలన్న ఇంగితం ఎందుకు లోపించిందన్నది అసలు ప్రశ్న.

ఆ ఇంగితం డాక్టర్ మాన్‌కు ఉంది. ఆయన కంటే సైన్యానికి డబ్బు, పరికరాలు, నిపుణులు ఎన్నో రెట్లు ఎక్కువ. తేడా మరొకచోట ఉంది. మాన్ కూర్చిన తూటాను మాన్ కాల్చేవాడు. గుండు తప్పితే తప్పు తన చేతిపనిలోనే వెదకవలసివచ్చేది. మొదట తన భుజాన్ని అనుమానించి కాంక్రీటు దిమ్మె కట్టాడు, ఆ తరువాతే గుండును నిందించాడు. ఇక్కడ మందు మార్చినవాడు ఒకడు, పరీక్షించినవాడు మరొకడు, కాల్చినవాడు వేరొకడు. నిర్ణయం తీసుకున్నవాడికీ దాని ఫలితం అనుభవించినవాడికీ మధ్య ఒక మహాసముద్రం ఉంది. అంతదూరంనుంచి చూసేవాడికి ఎప్పుడైనా ముందుగా కనిపించేది మద్దెల కాదు, తడబడిన ఆటగాడే.

మన పెద్దలు సామెతను తప్పుగా చెప్పారని నేననను. మద్దెలను ఒకసారి వాయించి చూసిన తరువాత వాడవలసిన సామెత అది అని మాత్రం మనవి.